పెదవులు చదివే ఊరు

వియన్నాలో నాకు ఏడు సెమిస్టర్ల సంతకాలున్నాయి.
ఎనిమిదో పేజీ తెల్లగా ఉంది.
ప్రొఫెసర్ కలం మూతైనా తీయలేదు.
"ఆ బల్ల ఇంకొకరికి కావాలి, ఫ్రాయిలైన్ పెర్ల్‌హెఫ్టర్"
అన్నాడు, శవం నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లగా.
సగం కోసిన చెయ్యి అక్కడే వదిలేశాను.
భుజం నుంచి మణికట్టు దాకా అయింది.
అరచెయ్యి మిగిలిపోయింది.

డండీకి నన్ను రానిచ్చిన కాగితం మీద
పనిమనిషి అని రాసి ఉంది.
జనపనార మిల్లు మేనేజరు ఇల్లు. పదకొండు గదులు,
బూడిద ఎత్తాల్సిన నాలుగు పొయ్యిలు,
నన్ను తప్ప అందర్నీ కరిచే ముసలి కుక్క.
ఊరంతా తడిసిన గోనెసంచి వాసన,
దాని కింద తిమింగలం నూనె వాసన.
వాకిట్లో ఎనిమిది మెట్లు.
మణికట్టులో ఎనిమిది ఎముకలు.
స్కాఫాయిడ్ తోమి లూనేట్ మీదికి దిగేదాన్ని,
ట్రైక్వెట్రల్ దగ్గర నీళ్లు మార్చేదాన్ని.
"పాపం, దేవుణ్ణి తలుచుకుంటోంది"
అనేది మిసెస్ పిట్కెత్లీ, వంటామెతో.
సరిహద్దులో నా పెట్టె బోర్లించి దులిపినవాళ్లకి
ఆ లాటిన్ మాత్రం దొరకలేదు.

నలభైలో పోలీసులొచ్చారు. టోపీలు తీసి మరీ వచ్చారు.
అక్కడ యూదునని శత్రువుని,
ఇక్కడ జర్మన్ మాట్లాడతానని.
ఐల్ ఆఫ్ మాన్‌లో, ముళ్లకంచె లోపల సముద్రపు హోటల్లో
నాతో ఒకే మంచం పంచుకున్న మనిషి
హిట్లర్ బొమ్మ దిండు కింద పెట్టుకుని పడుకునేది.
గురక పెట్టేది.
ఒక రాత్రి ఆమెకి జ్వరమొచ్చింది.
నాడి చూశాను.
ఎందుకు చూశావని నన్నెవరూ అడగలేదు,
నేనే చాలాసార్లు అడుక్కున్నాను.

అమ్మ దగ్గర్నుంచి రెడ్‌క్రాస్ కాగితం ఒక్కటే వచ్చింది.
పాతిక మాటలు మించకూడదు.
"అత్తయ్య ప్రయాణమైంది. మేమూ త్వరలో.
ఉన్ని మేజోళ్లు వేసుకో..."
వేలు పెట్టి లెక్కపెట్టాను. ఇరవై రెండు.
గుమాస్తా భార్య అమ్మ,
చిల్లర పైసా కూడా దండగ చేసే మనిషి కాదు.
మూడు మాటలు ఎందుకు మిగిల్చిందో.

నలభై మూడులో మళ్లీ ఓనమాలు.
పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య
ఇరవై ఎనిమిదేళ్ల నేను,
మోకాళ్ల మీద తోముడు కాయలతో.
"ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసా?" అడిగాడు కుర్ర డెమాన్‌స్ట్రేటర్.
తెలుసు.
అరచెయ్యి దగ్గర.

డాక్టర్నయ్యాక కూడా ఆసుపత్రిలో
నా ఇంగ్లీషు విని పెద్దమనుషులు చెవి వెనక చెయ్యి పెట్టేవారు.
"ఇంకొకసారి?" "ఏ దేశం మీది?"
ఒకాయనకి గొంతు నొప్పి కన్నా
నా గొంతే పెద్ద బాధయింది.

లాకీ వీధిలో నాలుగో అంతస్తు,
అర్ధరాత్రి, కాన్పు.
ఐసా మక్‌గర్క్ కూతురు అరుస్తోంది,
ఐసా ఆమె మోకాలు పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది.
మగ్గాల హోరులో ముప్పయ్యేళ్లు,
చెవులు ఎప్పుడో మిల్లుకే ఇచ్చేసింది.
నేను చెప్పిందల్లా ఠక్కున చేస్తోంది.
వేడినీళ్లు. గుడ్డలు. దీపం ఇటు.
తెల్లారాక, పిల్లవాడు ఏడ్చాక
(ఏడ్చాడని మేము వేళ్లతో చెప్పాం ఆమెకి)
"మీరు నోరు బాగా తెరిచి మాట్లాడతారు డాక్టరమ్మా,
మా వార్డు డాక్టర్లు మీసాల్లో గొణుగుతారు" అంది.
యాస సంగతి ఆమెకి తెలియనే తెలియదు.
మర్నాటి నుంచి నేతగత్తెలంతా నా గుమ్మంలోనే.

ఆమె ఎదురింటికే తర్వాత అద్దెకి వచ్చాను.
ఒక శుక్రవారం సాయంత్రం, పదేళ్ల తర్వాత మొదటిసారి,
రెండు కొవ్వొత్తులు వెలిగించాను.
తెర వేయడం మరిచిపోయాను.
మెట్ల మీద ఆపింది ఐసా.
"తప్పనుకోకండి, కిటికీలోంచి కనబడ్డారు.
ఏదో అన్నారు, చాలాసేపు.
చివరి మూడు మాటలు అస్సలు అందలేదు.
ఇంగ్లీషు కావేమో."

బొగ్గు బకెట్టు కింద పెట్టి
వాటిని మళ్లీ అన్నాను,
మెల్లగా,
నోరు బాగా తెరిచి.