ఇరవై మూడు నిమిషాలు

కెమియార్విలో జూన్ నెల.
రాత్రి రెండయిందని గడియారం అంటుంది,
ఎండ ఒప్పుకోదు.
కాగితం మిల్లు పొగగొట్టం నీడ
లేవమంటే లేవని పిల్లాడిలా
పార్కింగు నిండా పొడుగ్గా పడి ఉంది.

తూవీ కర్టెన్ లాగి కూర్చుంది.
మూడు క్లస్టర్లు, పద్నాలుగు హోస్టులు,
రెండువందల అరవై ఒక్కమంది అతిథులు.
ఒక్కొక్కరికీ కొత్త పనిముట్లు ఇచ్చి
ఒకసారి పడుకోబెట్టి లేపాలి,
పగటి షిఫ్టు దిగేలోపు.

ముందు ఒక హోస్టును ఖాళీ చేస్తుంది.
లోపలున్నవాళ్లు పనిచేస్తూ చేస్తూనే
పక్కింటికి మారిపోతారు,
చేతిలో గ్లాసు తొణక్కుండా.
ఇల్లు మారిందని వాళ్లకి తెలీదు.
అసలు ఇల్లంటూ ఒకటుందనే తెలీదు.
డిస్కు, తెర, నెట్‌వర్కు కార్డు, అన్నీ నమ్మించినవే.
గోడకి అవతల ఎవరో ఉన్నారని
చెవిలో చెప్పేవి
ఈ పనిముట్లొక్కటే.

నూట పన్నెండు. నూట పదమూడు.
కాఫీ మీద తెట్టు కట్టింది.
నూట తొంభయ్యోది మొండికేస్తే
స్నాప్‌షాట్ దాకా వెనక్కి నడిపించి
బతిమాలి, మళ్లీ ముందుకు తోసింది.
కాపలా ఆర్మస్ గుమ్మంలో నిలబడి
"ఇంకా ఎన్ని?" అన్నాడు.
"ఒకటి."

కైస్లా-7.
ఎనిమిదేళ్లుగా రెప్ప వెయ్యలేదు.
యజమాని గడిలో ఇల్పో పేరు.
ఇల్పో రిటైరయ్యి చేపలు పడుతున్నాడు, ఫోనెత్తడు.
వివరణ గడిలో ఒక్క మాట:
ముట్టుకోవద్దు.

తూవీ ముట్టుకుంది.

నల్ల తెర.
ఆ రాత్రి ఆ ఊళ్లో ఉన్న చీకటంతా
అదొక్కటే.
ఎందుకో తెలీకపోయినా
ఆర్మస్ కూడా ఊపిరి బిగబట్టాడు.

లేచింది.
లేస్తూనే వేళడిగింది.

తిథి చెప్పకుండా వచ్చేవాడే కదా అతిథి.
ఇన్నేళ్లూ దానికి తిథీ లేదు, చెప్పేవాళ్లూ లేరు.
తన గడియారం తానే ఊహించుకుంటూ
లోకానికి ఇరవై మూడు నిమిషాలు వెనక నడిచింది.
కొత్త పనిముట్లు చెయ్యి పట్టుకుని
ఒక్క అంగలో దాటించాయి.
లాగ్‌లో ఒక్క వరుస. ఎర్రది కూడా కాదు.

ఆరుంబావుకి ఫోను.
మూడో మిషన్ మేస్త్రీ రౌహా.
"సౌనా ఎవరు మార్చారు?"

రాత్రి షిఫ్టు దిగినవాళ్ల ఆవిరిగదికి
పొయ్యి రాజేసేది కైస్లాయేనని
అప్పుడు తెలిసింది.
రోజూ ఆలస్యమే.
ఆ ఆలస్యంలోనే వాళ్లు బూట్లు విప్పి
మెట్ల మీద ఒక సిగరెట్టు పంచుకుంటూ
తెగిన వేలి సంగతి, తెగని విడాకుల సంగతి,
సరస్సు మంచు విరిగే రోజు మీద
ఓడిపోయిన పందెం సంగతి మాట్లాడుకునేది.
ఇవాళ తలుపు తీసేసరికే రాళ్లు కాగి ఉన్నాయి.
ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు.
ఒళ్లు కడుక్కుని
ఎవరిళ్లకి వాళ్లు పోయారు.

తూవీ తప్పు కోసం వెతికింది.
ఎక్కడా లేదు.
రెండువందల అరవై ఒకటికి
రెండువందల అరవై ఒకటీ ఆకుపచ్చ.

చల్లారిన కాఫీ ఒక గుక్క మింగి
పొయ్యి వేళ తెరిచింది.
ఆరు అన్నచోట
ఆరూ ఇరవైమూడు అని కొట్టింది.
తర్వాత వివరణ గడిలోకి వెళ్లి
ఇల్పో మాట చెరపకుండా
కింద తన మాట ఒకటి చేర్చింది:

నిజంగానే.