జొన్నగింజంత

ఇరవై రెండేండ్లుగా జాకెట్లు కుడుతున్నోణ్ణి,
ధర్మాబాద్ మిర్చి గంజ్ వెనక సందులో
చంక కింద ముడత పడకుండ కుట్టేటోడంటే
వేళ్లన్నీ నా దుకాణం దిక్కే చూపిస్తయి.
అట్లాంటి నేను
ఒక బొంత ముందర ఓడిపోయిన.

కత్తిరింపులు మూడు సంచులైనయి.
నెమలికంఠం, వంకాయరంగు, ఉల్లిపొర,
ఎవరో తీసుకపోక మిగిలిన పసుపు సాటిను.
చదరాలను ముందే ఐమూలగా కోసిన,
ముక్కోణానికి ముక్కోణం అతికిన.
కోసిన అంచు వేలు తగిలితే చాలు, సాగింది.
కొసలన్నీ కుట్టులోకి పోయి
ముక్కులు తెగిన పక్షుల లెక్క మిగిలినయి.

రుక్కవ్వ వచ్చి చూసింది.
కళ్లద్దాలకు ఒక కాలు లేదు, దారమే కాలు.
"కోసి కుడుతున్నవా? కుట్టి కొయ్యాలె."
అంతే అన్నది. చాయ్ తాగింది. కూసున్నది.

"ముందు పలచటి గంజి పెట్టు.
గంజి తాగిన గుడ్డ మాటింటది.
ముదురుదొకటి, లేతదొకటి, రెండు చదరాలు
మొఖం మొఖం చూసుకునేటట్టు పెట్టు.
కావాల్సినదానికన్న రవ్వంత పెద్దగనే కోసుకో,
చిన్నదాన్ని పెద్ద చేసే మంత్రం నా తాన లేదు.
లేతదాని వీపు మీద
సబ్బుపెచ్చుతోని మూల నుంచి మూలకు ఒక గీత.
గీత మీద కుట్టకు.
దానికి ఇటు జొన్నగింజంత, అటు జొన్నగింజంత."

"పచ్చి జొన్ననా, ఎండు జొన్ననా?" అన్న.
అంగుస్తానాతోని వేళ్ల మీద ఒక్కటిచ్చింది.

రెండు కుట్లు. నడుమ గీత.
అప్పుడు కత్తెర.
విప్పితే, ఒక్క కోతకు రెండు చదరాలు,
ఒక్కోదాంట్ల సగం వంకాయ, సగం ఉల్లిపొర.
ఇస్త్రీ పెట్టె అందుకుంటే చెయ్యి పట్టుకున్నది:
"రుద్దకు. అది పొలం గాదు దున్నడానికి.
దించు, ఎత్తు, దించు.
కుట్టు అంచును ముదురు దిక్కు పండబెట్టు,
లేతదాని కింద నీడ పడొద్దు."

కొంగు ముడిల నుంచి ఒక ఎక్స్‌రే ఫిలిం తీసింది.
మూడున్నర అంగుళాల చదరం.
మిర్చి బండి బోల్తాపడ్డ ఏడు
నాందేడు దవాఖాన్ల తీసిన పెనిమిటి కాలు అది.
బొక్క మీదుగా ఐమూలకు సూదితోని గీరిన గీటు.
ఆ గీటును కుట్టు మీద ఆనించి
నాలుగు దిక్కులా దిద్దుకుంట పోయింది.
ఉల్లిపొర, వంకాయ, ఒక మనిషి పిక్కబొక్క
కాసేపు ఒక్క రంగైనయి.
మూలల్ల పొడుచుకొచ్చిన చెవులు తెగి కిందపడ్డయి,
ఊడవలే నేను.

లెక్క మరాఠీల పెడుతది: ఏక్, దోన్, తీన్.
తిట్టేది తెలుగుల.
తహసీలు ఆఫీసు గోడ మీది పటంల
మా ఊరి పక్కనుంచే ఒక గీత పోతది,
ఆ గీతకు అవతల బాసర.
కుట్టి కోసిన్రా, కోసినంక కుట్టిన్రా దాన్ని,
ఏదో అనబోయిన రుక్కవ్వతోని.
"నోరు తెరిస్తే కుట్టు వంకర పోతది," అన్నది.
నిజమే. పోయింది. ఊడదీసిన.

నాలుగు చదరాలు కలిసేతాన
కొసలన్నీ ఒక్క చుక్కలకు రావాలె.
గుండుసూది గుచ్చి చూసేది. ఇరవైసార్లు రాలేదు.
ఇరవై ఒకటోసారి పర్భణీ బండి పోతుంటే
దుకాణం అదురుతుంటే
సూది నేరుగా దిగింది.
ఇద్దరం ఏం మాట్లాడలే.

నూట నలభై నాలుగు ముక్కలు. స్కేలుతోని అన్నీ కొలిచిన.
ఒక్కటే ఒక పోగంత తక్కువ.
అది రుక్కవ్వ చేసింది.
చెప్పలే. నడుమల పెట్టి కుట్టేసిన.

మిషను పాదం పక్కన, కుట్టు ఎడం కోసం
ఒక జొన్నగింజను గోందుతోని అంటించుకున్న.
వానకాలం చీమలు దాన్ని ఎత్తుకపోయినయి.
గోందు మచ్చ ఉన్నది.
దాన్ని చూసే కుడుతున్న.