సింగిల్ కాలమ్

నెలాఖరుకి వోచరు వచ్చింది.
పంపినవి ముప్పై ఒకటి, అచ్చయినవి ఏడు.
డబుల్ కాలమ్‌కి నూట ఇరవై,
సింగిల్ కాలమ్‌కి అరవై.
గాజువాక నుంచి భీమిలి దాకా
బండి తాగిన పెట్రోలుకి
ఏ కాలమూ లేదు.

మా గురువు పైడిరాజు గారికి
అల్లిపురంలో మెట్ల కింద డార్క్‌రూమ్ ఉండేది.
ముప్పై ఆరు ఫ్రేముల రీలు చేతిలో పెట్టి
మూడు రోజులు రావాలి ఇది, అనేవారు.
"నొక్కేముందు ఊపిరి ఆపాల్రా.
ఆ ఆపిన ఊపిరే బొమ్మలోకి దిగుతాది."
ఎర్ర బల్బు కింద, తొట్టిలో,
తెల్ల కాగితం మీద
ముందు కళ్ళు తేలేవి.
తర్వాత, తీరిగ్గా, మనిషి వచ్చేవాడు.

ఇప్పుడు డెస్క్ నుంచి ఫోన్:
"నువ్వెళ్ళక్కర్లేదులే,
ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. సరిపోద్ది."

సరిపోతోంది.
అదే కదా నా భయం.

మొన్న వాయుగుండం రోజు
జాలరిపేట ఇసకలో తెల్లవారుజాము నుంచి నిలబడ్డాను.
కెమెరాకి పాలిథిన్ కవరు, నాకు లేదు.
ఏడు పడవలు వెళ్ళాయి, ఆరు తిరిగొచ్చాయి.
మైలపల్లి నూకరత్నం
ఒడ్డున నిలబడి వేళ్ళు మడుస్తోంది.
కుడి చెయ్యంతా పిడికిలి,
ఎడమ చేతి బొటనవేలు మడిచి
చూపుడు వేలు దగ్గర ఆగిపోయింది.
మళ్ళీ మొదట్నించి.
మళ్ళీ ఆ వేలు దగ్గరే.

ఊపిరి ఆపాను.
ఒక్కసారే నొక్కాను.

ఏడూ నలభైకి పంపితే
ఎనిమిదింటికి జవాబు:
"ఈవిడ ఏడవట్లేదేంటి?
ఏడుస్తున్నది లేదా?"

మర్నాడు పేపర్లో నాలుగు కాలమ్‌ల అలలు.
ఎవరు తీశారో లేదు, ఎప్పటివో లేదు.
"జాలరిపేటను ముంచెత్తుతున్న కడలి"
అని మాత్రం ఉంది, పెద్ద అక్షరాల్లో.
నూకరత్నం పేపరు దూరంగా పట్టుకు చూసింది.
"ఇది మన రేవు కాదు బావూ.
ఆ పడవ ముక్కు సూడు,
మనోళ్ళు అలాగ కడతారా?"

నేను పెద్దమనిషినేం కాదు.
ఆగస్టులో జ్ఞానాపురం వీధిలో
మోకాల్లోతు నీళ్ళున్నప్పుడు
ఓ కుర్రాణ్ణి ఇంకోసారి దూకమన్నాను.
తుంపర్లు బాగా లేవని, మరోసారి.
బిస్కెట్ పేకెట్ కొనిచ్చాను.
ఆ ఫోటోకి డబుల్ కాలమ్ వచ్చింది, పేరు కూడా వేశారు.
పైడిరాజు గారుంటే ఒకే మాట అడిగేవారు:
"ఎన్నోసారి దూకినప్పటిది ఇది?"

ఆదివారాలు రుషికొండలో
పెళ్ళికి ముందు జంటల షూటింగులు.
రంగు పొగ గొట్టాలు, అద్దె డ్రోను,
అమ్మాయి గౌను కొస గాల్లోకి ఎగరెయ్యడానికో మనిషి.
ఇంటద్దె కట్టేది ఆ పొగే.
అక్కడ ఎవరూ నన్ను ఊపిరి ఆపమనరు.
నేను చెప్పేది వాళ్ళకే:
"నవ్వండి. నవ్వుతూనే ఉండండి."

ఐదో రోజు ఏడో పడవ
పూడిమడక వైపు దొరికింది.
వెళ్ళింది ముగ్గురు, దొరికింది ఇద్దరు.
లేనివాడు నూకరత్నం తమ్ముడు.
వార్త ఆరు లైన్లు.
పక్కన లైట్‌హౌస్ బొమ్మ. ఫోటో: ఫైల్.

జగదాంబ దగ్గర స్టూడియోలో
నా ఫోటో పెద్దది చేయించాను.
మాట్ పేపరు, ఎనభై ఐదు రూపాయలు, నా జేబులోంచి.
తీసుకెళ్ళి ఇచ్చాను.
ఆమె తన మొహం చూసుకోలేదు,
చేతులే చూసింది.
మడవని ఆ వేలి మీద
గోటితో ఒకసారి రాసింది.

"దీనికెంతిచ్చారు బావూ?"

బాగానే ఇచ్చారన్నాను.

లోపలికెళ్ళి ఎండు నెత్తళ్ళు
పొట్లం కట్టి తెచ్చి,
వద్దంటున్నా బండి కవర్లో కుక్కింది.

ఇంటికొచ్చి విప్పాను.
పొట్లం కాగితం నిండా
ఆ నాలుగు కాలమ్‌ల అలలు,
ఏ ఊరివో,
ఉప్పు అంటి, మా సముద్రం వాసనేస్తూ.