పలకలు పీకే రోజు

ఆ కాగితం మీద మొదటి సంతకం నాదే.
ఇసకతోట దాటాక, గెడ్డ వారగా
కాలనీకి మిగిలిన ఒక్క ఖాళీ జాగా.
తుప్పలు, పాములు, దోమలు అని రాసి
పార్కు చేయించమని అడిగాం.
పార్కంటే మాకు
నడవడానికి ఎర్ర పలకలు,
చెప్పులకి మట్టి అంటకపోవడం.

మొగలి పొద కొట్టించాం.
రెండు నేరేళ్ళు, పేరు తెలియని ముళ్ళచెట్టొకటి
ఓ పూటలో లారీ ఎక్కాయి.
ఊడ్చడానికొచ్చే అసిరమ్మ ఒక్కర్తే
"ఇది నీళ్ళు తాగే జాగా బాబూ,
దీని నోరు మూసేసినారేటి?" అంది.
నవ్వాం. టీ ఇప్పించాం.

మొన్న వాయుగుండం పట్టింది.
రెండు రాత్రులు
సింహాచలం కొండ మీంచి ఎర్రటి నీరు.
పలకల మీద ఒక్క క్షణం ఆగలేదు,
మెట్లు తెలిసిన మనిషిలా
మా సెల్లారులోకి దిగింది.
లిఫ్టు గుంట నింపి
నా స్కూటరు హ్యాండిలు అందుకుంది.
వాచ్‌మన్ పిల్లలిద్దరూ
పుస్తకాల సంచులు ఒళ్ళో పెట్టుకుని
మూడో అంతస్తు మెట్ల మీద, తెల్లారేదాకా.

గోడ అవతల
కోర్టు తగాదాలో ఉన్న స్థలం.
ఎవరూ బాగుచెయ్యని ఆ తుప్పల్లో
మధ్యాహ్నానికి నీళ్ళు లేవు.
గడ్డి ఒకవైపుకి ఒరిగి పడుకుంది.
బురద మీద కొంగ కాళ్ళ గుర్తులు.
తగువు తేలనందుకు
నేల బతికిపోయింది.

ఈ ఆదివారం గునపాలు అడిగి తెచ్చాం.
పలక లేపితే ఇసుక, ఇసుక కింద
గచ్చులా బిగిసిన మట్టి.
ఏడేళ్ళు గాలి తగలక
దాని వాసన అదే మర్చిపోయినట్టుంది.
పీకిన పలకలు పేరుస్తూ అసిరమ్మ
ఆరిలోవలో తన గుమ్మం ముందుకి కొన్ని అడిగింది.
"మరి నా ఇంట్లోకి రాదా నీరు?"
తనే అని, తనే నవ్వి,
బట్టలుతకడానికి ఒక్కటి మాత్రం పక్కన పెట్టుకుంది.

నేరేడు మొక్క కోసం తవ్విన గుంటలో
బకెట్టు నీళ్ళు పోశాను.
నిలిచిపోయాయి.
అందులో నా మొహం, నా కళ్ళద్దాలు.
చుట్టూ పదిమందిమి,
అలిగిన చుట్టం మంచినీళ్ళు ముడుతుందా లేదా అని
చూస్తున్నట్టు నిలబడ్డాం.
అసిరమ్మ చీపురుపుల్ల తీసి
అడుగున ఎక్కడో గుచ్చింది.

ఒక బుడగ.

చాలాసేపటికి
ఇంకోటి.