నాలుగో గడి

మా ర్వెంజోరి కొండల్లో పేరు కోసం ఎవరూ తడుముకోరు.
మొదటి ఆడపిల్ల మసీకా, రెండోది బీరా,
మూడోది కబుఘో, నాలుగోది ఎంబాంబు.
నేను ఎంబాంబుని.
మా ఇంట్లో ఆడపిల్లలం ఇద్దరమే.
దాని గురించి ఎవరూ ఏమీ అడగరు.
నా పేరు వినగానే లెక్క వాళ్ళే వేసుకుంటారు.

వాన రేకుల మీద పడి
మాస్టారి గొంతు సగం మింగేస్తున్న ఓ మధ్యాహ్నం
బ్వాంబలే మాస్టారు బోర్డు మీద పెట్టె గీసి
నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత లాగారు.
పైన తండ్రి, పక్కన తల్లి.
ఇద్దరి దగ్గరా ఒక ఏ, ఒక ఎస్.
ఇద్దరూ గట్టి మనుషులే, మూటెత్తుకుని కొండ ఎక్కగలరు.
"చెరొకటి ఇస్తారు," అన్నారు మాస్టారు.
"రెండూ ఇవ్వరు. ఇవ్వకుండానూ ఉండరు."

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.
చెరొకటి.
నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ
నానమ్మ చెప్పే కథలో ఇచ్చింది ఒక్కరే.
"ఏటి అవతలి రక్తం," అనేది,
కాఫీ గింజలు ఏరుతూ, అమ్మకి వినబడేలా.
నాన్న ఏమీ అనేవాడు కాదు.
అనకపోవడమూ ఒక వాటానే అని
అప్పట్లో నాకు తోచలేదు.

బడికంతా ఒక్కటే మైక్రోస్కోపు.
నా వంతు వచ్చేసరికి గంట కొట్టారు.
అయినా ఒక్క క్షణం కన్ను ఆనించాను:
గుండ్రటి వాటి మధ్య వంకర తిరిగిన ఒకటి.
పుస్తకం దాన్ని కొడవలి అంటుంది.
నాకు మాత్రం
మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని
గోడవైపు తిరిగి పడుకున్న కబుఘోలా కనబడింది.

ఆ సాయంత్రం టార్పాలిన్ అంచున
అమ్మకి గింజలతో గడి వేసి చూపించాను.
ఎండిన గింజ ఏ, ఎర్ర పండు ఎస్.
"ఇది నీది," అన్నాను. "ఇది నాన్నది."
నాన్న పండుని చాలాసేపు చూసింది.
వేలితో తాకింది, జరపలేదు.
తర్వాత, రెండు పళ్ళూ పక్కపక్కనే ఉన్న నాలుగో గడి చూపించి
"ఇందులో ఉన్నది బీరానా, కబుఘోనా?" అంది.

ఏమని చెప్పను.
నాలుగింట ఒకటంటే నలుగురిలో ఒకరని కాదమ్మా,
ప్రతి కాన్పుకీ మళ్ళీ మొదటి నుంచే లెక్క,
ముందు ఎవరొచ్చారో, ఎవరు పోయారో
ఈ గడికి గుర్తుండదు అన్నాను.
"దానికి లేకపోతే పోనీ. నీ పేరుకి ఉందిగా."
అరచేత్తో అన్నిటినీ కుప్పలోకి తోసేసి
"మసీకాని కేకెయ్యి, చినుకులు మొదలయ్యాయి," అంది.

పరీక్షలో ఐదో ప్రశ్న:
తల్లిదండ్రులిద్దరూ వాహకులు. పుట్టిన పిల్ల ఆరోగ్యంగా ఉంది.
ఆమె కూడా వాహకురాలయ్యే అవకాశం ఎంత?
క్లాసులో చాలామంది సగం అని రాశారు.
సగం కాదు. ఆరోగ్యంగా ఉందని ముందే చెప్పేశారు గనక
నాలుగో గడి కొట్టేయాలి,
మిగిలిన మూడింటిలో రెండు.
పద్ధతి నాకు తెలుసు.
స్కేలు కూడా మూల నుంచి మూలకి ఆనించి పెట్టాను.
పెన్ను కదల్లేదు.

కింద జవాబు మాత్రం రాశాను: మూడింట రెండు.
మాస్టారు ఎర్ర సిరాతో
"జవాబు సరే, కొట్టివేత ఏది?" అని అడిగి
అర మార్కు తీసేశారు.
పేపరు చేతికిచ్చేటప్పుడు నా పేరు చదివి
ఇంకేదో అనబోయి, తర్వాతి పేపరు తీశారు.

కసేసే ఆసుపత్రిలో వేలి కొస నుంచి చుక్క తీసి చెబుతారట
మనలో ఏ రెండు అక్షరాలున్నాయో.
వెళ్దామంటోంది మసీకా.
వెళ్తాం, కాఫీ డబ్బులు రానీ.
పేపరు నా జీవశాస్త్రం నోట్సులో ఉంది,
నాలుగు గడులతో.