పదిహేనో పేరు

ఒంగోలు కోర్టు ఎదురుగా
జిరాక్సు షాపు మెట్ల మీద కూర్చుని
అప్పులవాళ్ల పేర్లు రాస్తున్నా.

"అందర్నీ రాయి. ఒక్కర్ని వదిలినా
రేపు మన మెడకే చుట్టుకుంటది" అన్నాడు ప్లీడరు.
గొంతులో జాలి లేదు, చీదర లేదు.
పళ్ల డాక్టరు నోరు తెరవమన్నట్టు అన్నాడు.

మా వైపు దీనికి రెండే అక్షరాలు.
ఐపీ.
టంగుటూరులో పొగాకు ధర కూలిన ఏడు
"ఫలానావాడు ఐపీ పెట్టాడంట" అని
మా నాయన గొంతు తగ్గించి చెప్పేవాడు,
పిల్లలకు అంటుకుంటదేమోనన్నట్టు.

చీమకుర్తి రోడ్డులో పంతొమ్మిదేళ్లు
నాది ఒకటే పని, పగులు కనిపెట్టడం.
పాలిష్ పట్టిన నల్లరాయి, లోపల బంగారు నలకలు,
అమాస ఆకాశాన్ని పలకలు కోసి నిలబెట్టినట్టుంటది.
బకెట్టు నీళ్లు కొట్టి ఓపిగ్గా చూడాలి.
రాయంతా ఆరిపోద్ది.
పగులున్న చోట మటుకు
వెంట్రుకంత తడి ఆగుద్ది.
అక్కడ పసుపు చాక్‌పీసుతో గీత.
గీత పడ్డ రాయి ఓడ ఎక్కదు.

మార్చిలో ఓనరు ముప్పైమందిని గేటు దగ్గర నిలబెట్టి
కంటైనర్లు కదలట్లేదన్నాడు.
నీళ్లు కూడా కొట్టకుండానే
గీత గీశాడు.

ఒకటి, బ్యాంకు.
రెండూ మూడూ ఫోన్లో యాప్‌లు.
వాటికి మొహం లేదు, ఇంటిపేరు లేదు,
మా అత్తగారి నంబరు మటుకు తెలుసు.
నాలుగు, బండి ఫైనాన్సు.
ఐదు, పేర్నమిట్ట మాలకొండారెడ్డి, నూటికి మూడు.
ఆ పేరు కొంచెం నొక్కే రాశా,
కింది కాయితం మీద కూడా అచ్చు పడింది.

పదకొండు, సుభాని.
నాతోపాటే గేటు బయటపడ్డాడు,
వాడికొచ్చిన లెక్కలోంచే నాకు ఎనిమిది వేలు తీసిచ్చాడు.
రాసి కాసేపు ఊరికే కూర్చున్నా.

పదిహేను.
గేటు దగ్గర దోసెలేసే మస్తానమ్మ.
రెండు వేల మూడొందలు.
నేనిచ్చిన చాక్‌పీసు ముక్కతోనే
పాక రేకు మీద నా బాకీ గీతలు పెట్టుకునేది.

ఫారం అడుగుతావుంది,
ఇంటిపేరు, భర్త పేరు, వయసు, డోర్ నంబరు.
పంతొమ్మిదేళ్లు ఆమె చేతి అట్టు తిన్నా,
ఒక్కటీ తెలీదు.

నోటీసు ఆమెకూ పోద్దంట, కోర్టు ముద్రతో.
చదువు రాదు.
ఎవరి చేతనో చదివించుకుని
తానేం తప్పు చేశానా అని
ఆ రాత్రి నిద్ర పోదు.

"ఆమె ఒక్కదానికీ ఇచ్చేస్తే?" అన్నా.
"ఇప్పుడు ఒకరికి తీర్చి ఇంకొకరికి ఎగ్గొడితే
అదీ తప్పేనయ్యా" అన్నాడు ప్లీడరు.
వంట గిన్నెల జోలికీ, కట్టుబట్టల జోలికీ,
పనిముట్ల జోలికీ రారంట.
నా పనిముట్లు
ఒక బకెట్టు, ఒక చాక్‌పీసు డబ్బా.

కామాక్షి ఫోను చేసింది.
పరువు గురించి అంటదనుకున్నా.
"పెట్టెయ్యి. మోగకుండా ఒక్క రాత్రి పడుకుందాం" అంది.
ఆ వెనకే ఇంకో కాల్ వస్తావుంది,
మాటకీ మాటకీ మధ్య టక్కు టక్కుమని.

కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నా.
సంతనూతలపాడు మీదుగా చీమకుర్తి బస్సు.
చిల్లర లెక్కపెట్టుకునే ఎక్కా.

పాక అట్టానే ఉంది.
రేకు మీద పసుపు గీతలు,
వాన పడే వైపువి కొన్ని చెరిగిపోయినా
వాటి చోటు వదిలే పక్కన కొత్తవి వేసింది.
నన్ను చూసి ఏమీ అడగలా.
పెనం మీద నీళ్లు చిలకరించింది.
చుయ్యిమని అంతా ఒక్కసారే ఆరిపోయింది.
ఎక్కడా తడి ఆగలా.

"మస్తానమ్మక్కా, మీ ఆయన పేరేంది?"
కాయితం తీశా. పెన్ను తీశా.
చేతులు కొంగుకు తుడుచుకుని
దగ్గరికొచ్చి నిలబడింది.

"ఎందుకబ్బయా,
ఏవన్నా పథకం వచ్చిందా?"