లైన్లో ఉన్నా

ఆ పొద్దు మూడుసార్లు కట్ చేసినాను ఫోను.
సున్నా నాలుగు నాలుగుతో మొదలయ్యే నంబరు.
లోనుకో, క్రెడిట్ కార్డుకో అనుకున్నా.
గుజ్జు ఫ్యాక్టరీ గేటుకు కిలోమీటరున్నర ఇవతల
తోతాపురి లోడు మీద తడిగోతాలు కప్పి
మూడో రాత్రి కాపలా.
టోకెను రెండొందల పన్నెండు.
అడుగుకాయ కారతా ఉంది, ఈగలు.
నాలుగోసారి ఎత్తి, "లైన్లో ఉన్నా, తర్వాత చెయ్యండి" అన్నా.
అవతల ఎవరో అరవంలో, మెల్లిగా,
"పునీతకు మీరేం కావాల?" అన్నాడు.

పునీత నా చెల్లెలు.
చర్చి వీధిలో సెల్లు అంగడి. ఆ ఏడాది
జిల్లాలో అందరికంటే ఎక్కువ ఫోన్లు అమ్మిందని
కంపెనీవాళ్లు ఓడెక్కించినారు, మూడు రాత్రులు,
మద్రాసు నుంచి మద్రాసుకే.
యాడికీ పోని ఓడ అది. సముద్రంలో తిరిగి
ఎక్కించుకున్న చోటే దింపుతుంది.
దింపాల.

నీళ్లంటే మాకు లోతు, వెడల్పు కాదు.
పన్నెండు వందల అడుగులు దించితే
దుమ్ము పైకొచ్చిన బోర్లు మావి.
రెండో రాత్రి ఫోటో పంపింది, అంతా నలుపు,
కింద ఒక మాట:
"అనా, ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకోని
మన బోర్లెందుకు ఎండగొట్టినాడు దేవుడు?"
నవ్వు బొమ్మ పెట్టి పండుకున్నా.

తర్వాత తెలిసిందంతా ఇంతే:
రెండూ పదిహేడుకు ఐదో అంతస్తు తలుపు తీసింది.
కెమెరాలో వీపు మాత్రం, జడ విప్పుకోనుంది.
తలుపు మూసుకుంది.
మళ్లీ తెరుచుకునింది నాలుగుకు, నేల తుడిచేవాడికి.
గదిలో ఫోను చార్జింగులోనే ఉంది.
చెప్పులు మంచం కింద.
పక్క మంచం పిల్ల నజ్మా నిద్రలో
"యాడికే" అంటే "ఇప్పుడే వస్తా" అనిందంట.
ఆ మాట చెప్పను మా ఇంటికి రెండుసార్లొచ్చింది నజ్మా.
అదే మాట. రెండోసారీ కూర్చోని విన్నాం.

చిత్తూరు టూ టౌన్ మద్రాసుకు పొమ్మనింది.
హార్బరు స్టేషన్లో ఒకాయన మ్యాపు పరిచి
నీలం మీద పెన్నుతో గీత గీసి
"ఇది దాటినాక మాది కాదు" అన్నాడు.
ఓడ జెండా ఏదో దేశానిదంట.
ఆ దేశం పేరు కాయితం మీద రాయించుకోనొచ్చినా.
ఇంకా జేబులోనే ఉంది, పలకను రాదు.

ఊరికి మాత్రం అన్నీ తెలుసు.
దూకింది. తోసేసినారు. ఎవడితోనో
వేరే ఓడెక్కి పోయింది.
ఎర్ర పెంకుల ఇంట్లో బియ్యం చెరగతా ఉందని
సోదమ్మ చెప్తే, అమ్మ కోడిపెట్టను ఇచ్చి పంపింది.
రేషను డీలరు వేలిముద్ర అడుగుతాడు,
లేకుంటే పేరు తీసేయమంటాడు.
తీయాలంటే సర్టిఫికెట్టు. సర్టిఫికెట్టుకు ఏడేళ్లు.
టెంక నాటిన చెట్టు కాపుకొచ్చేంత కాలం.
వకీలు ముందర కూర్చోని
అంటుమొక్క నయం కదా అనుకున్నా.
ఏందో, ఆ మాటే తట్టింది.

అమ్మ పునీతను ఇంకా తిడతానే ఉంది,
తడిజుట్టుతో పండుకుంటే జలుబు చేస్తాదని.

ఈ ఏడు టోకెను నూటా అరవై.
రేటు ఇంకా పడింది.
ఇంతలో సున్నా నాలుగు నాలుగు.
ఎవురో అమ్మాయి, ఊపిరి తీసుకోకుండా,
మూడు లక్షల దాకా లోను, ఏ కాయితాలూ అక్కర్లేదంటా ఉంది.
కట్ చెయ్యను. అంతా వింటాను.
"సార్, లైన్లో ఉన్నారా?"
ఉన్నానమ్మా.
ముందు ట్రాక్టరు కదిలిపోయింది,
వెనకోడు హారను కొడతా ఉన్నాడు.